తారీఖు చెప్పని పరీక్ష

మండపేటలో ఒక బియ్యం మిల్లుకు ముప్పై ఏళ్లు సూపర్‌వైజరుగా చేసిన సత్తిరాజు తనిఖీ రోజున మాత్రమే పద్ధతిగా ఉండేవాడు. ఇన్‌స్పెక్టరు ఎప్పుడొస్తాడో ముందే కనుక్కునేవాడు. ఆ రోజు పొద్దున్నే ఊక దుమ్మంతా ఊడిపించి, కూలీల ముక్కులకు గుడ్డలు కట్టించేవాడు. ఆయన జీపు తిరిగి గేటు దాటి పోగానే గుడ్డలు విప్పించి బీరువాలో పెట్టించేవాడు.

"ఏడాదికి ఒక్కరోజు మంచిగా ఉంటే చాల్రా, మిగతాదంతా మనదే" అని నవ్వేవాడు.

ఆ దుమ్మూ, రోజుకు రెండు పెట్టెల సిగరెట్లూ కలిసి ఆయన ఊపిరితిత్తులను తినేశాయి. యాభై ఎనిమిదో ఏట చొక్కా తొడుక్కోవడానికి కూడా మధ్యలో ఒకసారి కూర్చోవలసి వచ్చేది.

హైదరాబాదులో డాక్టర్ షాహీన్ పరీక్షలన్నీ చూసింది. "ఇది సీఓపీడీ, ఊపిరితిత్తులు పాడై గాలి ఆడని జబ్బు. మందులతో ఇంతకంటే బాగుపడదు. ఊపిరితిత్తులు మార్చడం ఒక్కటే దారి. మీ పేరు జాబితాలో రాస్తాను. కానీ పొగాకు ఏ రూపంలోనూ ముట్టకూడదు. సిగరెట్టు, ఖైనీ, ముక్కుపొడుం, ఏదీ వద్దు. ప్రతినెలా మొదటి సోమవారం మూత్ర పరీక్ష చేస్తాం" అంది.

"మా అమ్మ తోడు, ముట్టనండి" అన్నాడు సత్తిరాజు. ఆ వెంటనే, "మొదటి సోమవారమే కదండీ?" అని అడిగాడు.

భార్యాభర్తలిద్దరూ ఆసుపత్రి దగ్గరే గది అద్దెకు తీసుకున్నారు. సిగరెట్లు నిజంగానే మానేశాడు. కాలిస్తే ఊపిరాడదు, మానక ఏం చేస్తాడు! కానీ ముక్కుపొడుం డబ్బా ఒకటి దిండు గలీబులో దాచుకున్నాడు. చిటికెడు తీసి చిగుళ్లకు రాసుకునేవాడు. మొదటి సోమవారానికి పది రోజుల ముందు ఆపేసేవాడు. పరీక్ష అయిన సాయంత్రమే మళ్లీ డబ్బా మూత తీసేవాడు. పరీక్షలో ఏమీ దొరికేది కాదు.

రెండో నెలలో భార్య మంగతాయారు గలీబు ఉతుకుదామని తీస్తే డబ్బా బయటపడింది.

"ఏంటండీ ఇది? డాక్టరమ్మ వద్దని చెప్పలేదా?"

"ఇదేమన్నా పొగా తాయారూ? ఊపిరితిత్తుల దాకా పోదు. పరీక్షకి ఇంకా మూడు వారాలుంది. అప్పటికి ఒళ్లు కడిగినట్టు అయిపోద్ది."

"నేను ఆవిడతో చెప్పేస్తాను."

"చెప్పు. జాబితాలోంచి నా పేరు కొట్టేస్తారు. నీ మొగుణ్ని నువ్వే చంపుకో."

ఆ మాటకు ఆమె డబ్బా ఉన్నచోటే పెట్టేసింది.

తొమ్మిదో నెలలో ఒక గురువారం పొద్దున ఫోన్ మోగింది. ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి మెదడు చనిపోయిన ఒక లారీ డ్రైవరు ఊపిరితిత్తులు దొరికాయి. అతని తల్లి ఏడుస్తూనే సంతకం పెట్టిందట. కొలతా, రక్తం గ్రూపూ సత్తిరాజుకు సరిపోయాయి. ఆయన అప్పటికి గంట క్రితమే పొడుం రాసుకున్నాడు.

ఆసుపత్రిలో నర్సు సీసా చేతికిచ్చింది.

"ఇవాళ సోమవారం కాదు కదమ్మా!"

"ఆపరేషన్ ముందు అందరికీ చేస్తాం బాబాయ్."

కాసేపటికి డాక్టర్ షాహీన్ కాగితంతో వచ్చింది. ఆమె ముఖం చూడగానే సత్తిరాజుకు సంగతి అర్థమైంది.

"పది రోజులు ఆగండి డాక్టరుగారూ. శుభ్రంగా వచ్చేస్తాను."

"ఆ ఊపిరితిత్తులు కొన్ని గంటలకు మించి ఆగవు."

"చిటికెడు పొడుంకి నా ప్రాణం తీస్తారా?"

"నికోటిన్ ఉన్న ఒంట్లో కుట్లు సరిగా మానవు. మానినా, బతికినన్నాళ్లూ వేళకు మందులు మింగాలి. మీ ఇంటికొచ్చి ఎవరు చూస్తారని మింగుతారు? మిమ్మల్ని నేనెలా నమ్మను?" అంది డాక్టర్. తర్వాత మంగతాయారు వైపు తిరిగి, "మీకు తెలియదా అమ్మా?" అని అడిగింది.

మంగతాయారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ముందుజాగ్రత్తగా పిలిపించిన రెండో రోగి, నంద్యాల వంటమనిషి హుస్సేనమ్మను వాళ్ల ఎదుటనుంచే ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లారు. సత్తిరాజు పేరు జాబితాలోంచి తీసేశారు. ఆరు నెలలు శుభ్రంగా ఉంటే మళ్లీ రాస్తామన్నారు.

ఆ రోజే డబ్బాను మురిక్కాలువలో పారేశాడు. ఆ తర్వాత నిజంగానే ముట్టలేదు. ఏ రోజు పిలిచి పరీక్ష చేసినా ఏమీ దొరకలేదు. నాలుగో నెలలో చనిపోయాడు.

పరామర్శకు వచ్చినవాళ్లందరికీ మంగతాయారు ఒకటే మాట చెప్పేది. "నేను ఆ రోజే చెప్పేసుంటే, మళ్లీ మొదట్నుంచి లెక్కేసినా ఫోన్ వచ్చేనాటికి ఆరు నెలలు దాటేవి. ఆయన బతికేవారు." అందరూ "అలా అనుకోకమ్మా" అనేవారు. పరామర్శకు వెళ్లిన నేను మాత్రం ఆ మాట అనలేకపోయాను. ఆమె చెప్పింది నిజం.

పరీక్ష రోజున మాత్రమే పాటించిన నియమం పరీక్షను గట్టెక్కిస్తుంది గానీ మనిషిని గట్టెక్కించదు. ఆ మోసాన్ని ప్రేమకొద్దీ దాచినవాళ్లకు ఆ మనిషి దక్కడు.