రీలు మారేలోపల

పరాంకుశంగారికి ప్రశ్న వేస్తే అప్పటికప్పుడు జవాబు చెప్పే అలవాటు లేదు. తర్కం చెప్పే గురువు కదా, వాదించి నోరు మూయిస్తారనుకుంటాం. ఆయనేమో "ఉండు నాయనా, చూద్దాం" అని ఊరుకుంటారు. ఆ సాయంత్రం టూరింగు టాకీసులో పక్క కుర్చీలో కూర్చున్న శిష్యుడు వామనమూర్తికీ ఆ మాటే దక్కింది.

ఆడుతున్నది ఇంగ్లీషు బొమ్మ. ఎడారిలో ఓ ఊరు, దానికో షెరీఫు, అంటే మన దారోగా లాంటివాడు. నేరం రుజువు కాని ఓ పశువుల కాపరిని ఉరితీస్తామని కొందరు తాళ్ళు పట్టుకుని జైలు మీదికొచ్చారు. మిగతా ఊరు తలుపులు వేసుకుంది. షెరీఫు ఒక్కడే గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. వామనమూర్తికి ఒళ్ళు మండిపోయింది.

"అంత ఊళ్ళో ఒక్కడేనా అండీ మనిషి? తలుపులు వేసుకున్న ఆ పెద్దమనుషులంతా లోపల ఏం చేస్తున్నట్టు?" అన్నాడు.

"ఉండు నాయనా, చూద్దాం," అన్నారు గురువుగారు.

అంతలో రీలు అయిపోయింది. ఆ డేరాలో బొమ్మ ఆడించే మిషను ఒక్కటే, రీలు మార్చినప్పుడల్లా దీపాలు వేస్తారు. దీపాలు వెలగగానే కుర్చీల ముందు వరసలో ఓ బట్టల కొట్టు ఆసామి తన శాలువా పోయిందని కేకేశాడు. నేల టిక్కెట్టు కొని, చీకట్లో నేలకూ బెంచీలకూ మధ్య కట్టిన తాడు కిందనుంచి దూరి బెంచీ మీదికి చేరిన సున్నంబట్టీ కూలీ గాదెయ్య అందరి కంటా పడ్డాడు. ఇంకేం కావాలి? తాడు దాటినవాడు శాలువా తీయడా అన్నారు. ఇంతసేపూ షెరీఫుకు చప్పట్లు కొట్టిన చేతులే అతన్ని డేరా బయటికి ఈడ్చి కుమ్మేశాయి. "తెర కింద కూర్చుని మెడ పట్టేస్తే వెనక్కొచ్చాను బాబూ, అంతే," అని అతను మొత్తుకుంటూనే ఉన్నాడు.

గురువుగారు లేచి వెళ్ళారు. వామనమూర్తీ లేవబోయాడు. కానీ అక్కడ కుర్చీలకు నంబర్లుండవు, లేస్తే పోయినట్టే. గురువుగారి కుర్చీ మీద తన తువ్వాలు పరిచి, రెండోదాంట్లో తాను గట్టిగా కూర్చున్నాడు. బయట అంతమంది పెద్దలున్నారు, చూసుకోరా అనుకున్నాడు.

శాలువా ఆసామి కుర్చీ కిందే దొరికింది. "సరే, పోనీలెండి," అన్నాడు దాన్ని దులుపుకుంటూ. పోనీలెండట! గాదెయ్య సంగతేమిటని అడిగిన పాపాన పోలేదు ఒక్కడూ. దీపాలు ఆరాయి. కొట్టినవాళ్ళంతా పరుగున వచ్చి ఎవరి చోట్లో వాళ్ళు కూలబడ్డారు. షెరీఫు ఆ కాపరిని కాపాడుతుంటే అరచేతులు వాచేలా చప్పట్లు కొట్టారు. సిగ్గన్నది ఉంటే ఏ ఒక్కడి చెయ్యయినా ఆగాలి. వామనమూర్తీ కొట్టాడు.

బొమ్మ అయ్యాక బయటికొచ్చి చూస్తే గురువుగారు మట్టిలో కూర్చుని ఉన్నారు. కొట్టేవాళ్ళ మధ్యలోకి దూరినందుకు ఆయన ఉత్తరీయం చీలికలైంది. గాదెయ్య తల ఒళ్ళో పెట్టుకుని, ఆ చీలికతోనే నెత్తురు అద్దుతున్నారు. వామనమూర్తి తువ్వాలు భుజాన వేసుకుని దగ్గరికెళ్ళాడు.

"మీరొస్తారని, మీ కుర్చీ ఎవర్నీ ముట్టుకోనివ్వలేదండీ," అన్నాడు.

గురువుగారు తలెత్తలేదు.

"ఆ తలుపుల వెనకాల వాళ్ళూ ఆ పనిలోనే ఉండి ఉంటారు, నాయనా," అన్నారు.