మింగిన అక్షరాలు

ఒకానొక రేవు రాజ్యాన్ని ఉద్దండరాయుడనే రాజు ఏలేవాడు. ఆయనకు రాని విద్య లేదు. కనీసం, రాదని చెప్పే ధైర్యం కొలువులో ఎవరికీ లేదు.

ఒక ఏడు ఆయనకు అరబ్బీ మాట్లాడాలని కోరిక పుట్టింది. ఆస్థాన పండితుడు అనంతభట్టు నేర్పడానికి పూనుకున్నాడు. భట్టుగారు అరబ్బీ వ్యాకరణం ఆసాంతం చదివారు. అరబ్బీ మాట్లాడే మనిషిని మాత్రం ఒక్కణ్ణీ చూడలేదు. అది లోపమని వారికి తోచనూ లేదు.

అంతలో దమస్కు నగరం నుంచి నజీబ్ అనే వర్తకుడు గుర్రాలతో ఓడ దిగాడు. కొలువులో రాయసం రాసే కోనప్పకు రేవులో నావికులతో తిరిగి వాళ్ళ మాట పట్టుబడింది. అందుకని, నజీబ్ కొలువుకు రాగానే కోనప్పను దుభాషిగా నిలబెట్టారు.

రాజు మీసం సవరించుకుని, "నా హృదయం సంతోషించింది" అని గంభీరంగా అరబ్బీలో సెలవిచ్చాడు.

నజీబ్ బిత్తరపోయి సింహాసనం కిందికి తొంగిచూశాడు.

"ఏమంటాడు?" అన్నాడు రాజు.

"తమరి కుక్క ఎక్కడుందని అడుగుతున్నాడు ప్రభూ!"

ఆ భాషలో కుక్కను కల్బ్ అంటారు. హృదయమూ దాదాపు అంతే, కాకపోతే దాని మొదటి అక్షరం గొంతు అడుగునుంచి రావాలి. రాజుగారిది అంగిలి దాటి లోపలికి దిగలేదు.

పాపం, నజీబ్ సాయం చేయబోయాడు. "మా ఊళ్ళో హృదయాన్ని 'అల్బ్' అంటాం" అని, గొంతు చిన్నగా నొక్కి వదిలి పలికి చూపించాడు.

భట్టుగారు ఎగిరిపడ్డారు. "మహాప్రభూ! వీడు మొదటి అక్షరాన్నే మింగేశాడు! గ్రంథంలో అలా లేదు. వీడు అరబ్బే కాడు, ఎవడో గూఢచారి!"

కుక్క మాటతో అప్పటికే ఎర్రబడి ఉన్న రాజుకు ఇది అమృతంలా వినిపించింది. "గుర్రాలు జప్తు చేయండి! వీణ్ణి చెరలో పెట్టండి!" అన్నాడు.

భటులు రెక్కలు పట్టుకునేసరికి నజీబ్ ముఖం పాలిపోయింది. తను చేసిన తప్పేమిటో అతనికి తెలియదు. కోనప్ప ముందుకొచ్చాడు. వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"దివ్యమైన తీర్పు ప్రభూ! దీన్ని శాసనంగా రాస్తాను. తన భాషలో అక్షరాలు మింగినవాడు ఆ దేశస్థుడు కాడు, వాడి సొత్తు జప్తు. ఇది అందరికీ వర్తిస్తుందని రాయనా?"

"అందరికీ!" అన్నాడు రాజు.

కోనప్ప తాటాకు తీశాడు. దుమ్ము దులిపాడు. గంటం మొన చూసుకున్నాడు. మళ్ళీ దులిపాడు.

రాజుకు ఒళ్ళు మండింది. "ఏంట్రా నీ ఆలస్యం? తీస్కరా ఇటు!"

కోనప్ప చేతివేళ్ళు మడిచాడు. "'ఏమిటిరా'లో రెండు, 'తీసుకొని రా'లో రెండు. ప్రభువులు నాలుగక్షరాలు మింగారు. నజీబ్ మింగింది ఒకటే. శాసనం ప్రకారం తమరు తెలుగువారు కారు. రాజ్యం ఎవరి పేర జప్తు చేయమంటారు?"

భటులు రాజు ముఖం వంక చూశారు.

"మనమంతా ఏంట్రా అనే అంటాం ప్రభూ, అది తప్పా?" అన్నాడు కోనప్ప మెల్లగా. "దమస్కులో తల్లులు కూడా బిడ్డల్ని ఆ అల్బ్‌తోనే ముద్దు చేస్తారట. పాపం, వాళ్ళు భట్టుగారి గ్రంథం చదవలేదు."

రాజు పెదవులు బిగించాడు. ఆగలేక పగలబడి నవ్వాడు. నజీబ్‌ను విడిపించి, గుర్రాలన్నీ అడిగిన ధరకే కొన్నాడు. తన ముత్యాలహారం తీసి కోనప్ప మెడలో వేశాడు.

"మరి భట్టుగారినేం చేద్దాం?"

"నాలుగు నెలలు రేవులో కూర్చోబెట్టండి ప్రభూ. వారి చెవులు ఇంతవరకూ వాడనేలేదు, కొత్తవి కొత్తగానే ఉన్నాయి."