కనకవల్లమ్మగారి మడి నీళ్ళు

"స్వామీ, చిన్నప్పటి నుంచీ ఒక నియమం తప్పకుండా పాటిస్తున్నాను. ఇప్పుడు దాన్ని విడిచిపెట్టమని ఇంట్లోవాళ్ళు పోరుతున్నారు. విడిస్తే దోషమా?" అని అడిగాడు పట్టాభి. అతను పెళ్ళాం పిల్లలున్న గృహస్థు. చిదంబరస్వామివారి శిష్యుల్లో నిష్ఠకు పెట్టింది పేరు. ఆ నియమమేమిటో స్వామివారు అడగలేదు. ప్రశ్న వినగానే శాస్త్రం విప్పే అలవాటు ఆయనకు లేదు. "మా మదనపల్లెలో కనకవల్లమ్మగారని ఉండేవారు" అంటూ మొదలుపెట్టారు.

ఆవిడ ఇంటి పెరట్లో పాత రాగి బాయిలరు ఉండేది. నడిమి గొట్టంలో కట్టెపేళ్ళు వేసి మంట పెడితే చుట్టూ ఉన్న నీళ్ళు కాగేవి. నీళ్ళు కాగే లోపల పెరడంతా పొగతో నిండిపోయేది. కొత్త కోడలు అడుగుపెట్టిన మర్నాటి నుంచి బాయిలరు రాజేసే పని ఆమెది, తొలి స్నానం అత్తగారిది. అది ఆ ఇంటి ఆనవాయితీ. కోడలు శేషారత్నానికి రానురాను ఆయాసం పట్టుకుంది. పొగ దగ్గరికి వెళితే ప్రాణానికే ముప్పని డాక్టరు గట్టిగా చెప్పాడు. కొడుకు మిద్దె మీద సోలార్ హీటరు పెట్టించాడు. పగటి ఎండకు కాగిన నీళ్ళు మర్నాడు పొద్దున దాకా వేడిగానే ఉండేవి.

చిక్కంతా అక్కడే వచ్చింది. "నిన్న కాగిన నీళ్ళు ఇవాళ పోసుకుంటే మడి ఎలా అవుతుందిరా? అవి చద్దినీళ్ళు!" అని కనకవల్లమ్మగారు తేల్చేశారు. డాక్టరు మాట ఎత్తితే, "పొగలో నేను బతకలేదూ?" అనేవారు. ఇంకేముంది, ఇంటిల్లిపాదికీ సోలారు నీళ్ళు, ఆవిడ ఒక్కరికీ బాయిలరు. దాన్ని రాజేసేది మాత్రం ఆ కోడలే.

మార్గశిరంలో ఒకనాడు శేషారత్నం మంచం మీంచి లేవలేకపోయింది. కొడుకు డాక్టరు కోసం పరుగెత్తాడు. స్నానం కానిదే వంటింట్లో కాలు పెట్టరు కనుక కనకవల్లమ్మగారే వెళ్ళి బాయిలరు ముందు కూర్చున్నారు. కట్టెలు మంచుకు తడిసి ఉన్నాయి. ఎంత ఊదినా మంట రాలేదు గాని పొగ మాత్రం ముఖాన కొట్టింది. కళ్ళు భగ్గున మండాయి. దగ్గుతెర ఆగక, ఊపిరందక గోడ పట్టుకున్నారు. కోడలు వచ్చిన కొత్తల్లో ఈ పని వదిలించుకుని తనెంత సంబరపడ్డారో అప్పుడు గుర్తొచ్చింది. లోపల్నుంచి శేషారత్నం దగ్గు వినబడింది. అదీ అచ్చం తన దగ్గులాగే ఉంది. ఆవిడకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది, ఆ వెంటనే బాయిలరు మీద పట్టరాని కోపం వచ్చింది. చెంబెడు నీళ్ళు గుమ్మరించి నిప్పు ఆర్పేశారు.

స్నానాల గదిలోకి వెళ్ళి సోలారు కొళాయి తిప్పారు. ఆ నీళ్ళే తలారా పోసుకుని, మడిచీర కట్టుకుని, మిరియాల కషాయం కాచి కోడలికి తన చేత్తో తాగించారు. డాక్టరు వచ్చి సూది వేశాక సాయంత్రానికి పిల్ల తేరుకుని లేచి కూర్చుంది. బాయిలరు అప్పటికే వీధి గుమ్మం దాటింది.

మర్నాడు పక్కింటి అలివేలు గోడ మీంచి తొంగిచూసి, "ఏం పిన్నీ, పెరట్లో పొగ లేదు, మడి మానేశారా?" అంది.

"మానెయ్యడమేమిటే!" అన్నారు కనకవల్లమ్మగారు వీధి వీధంతా వినబడేట్టు. "ఇన్నాళ్ళూ కోడలి ఊపిరి తగలేసి కాచిన నీళ్ళు పోసుకున్నాను. నాకు మడి మొదలైందే నిన్న!"

స్వామివారు హాయిగా నవ్వారు. పట్టాభికి నవ్వు రాలేదు. "నా నియమం ఏమిటో మీరు అడగనేలేదు స్వామీ" అన్నాడు కాస్త నొచ్చుకుని.

"అది నాకెందుకు నాయనా? ఇంటికి వెళ్ళి, దానికి నిప్పు రాజేసేది ఎవరో చూసిరా."