చౌడమ్మ పొయ్యిలో వేసిన అట్ట తాత

ఆ గొట్టాలు తీసి అవతల పెట్టండర్రా! వీపు కింద ఒకటి, కాలి కింద ఒకటి. పొద్దుట్నించీ కొయ్యడం, అతికించడం, రంగులు పుయ్యడం, ఇల్లంతా అట్టముక్కలే. పారెయ్యమనట్లేదురా పండూ, పక్కన పెట్టమంటున్నాను. పారెయ్యమని నేను ఛస్తే అనను. ఎందుకంటారా? దానికో కథ ఉంది. పడుకోండి. ఊ కొట్టాలి మరి, మీ ఊ ఆగితే నా కథా ఆగుతుంది.

అనగనగా ఒక నేతగాళ్ళ ఊరు. ఏ సందులోకి వెళ్ళినా టకటకా టకటకా మగ్గాల చప్పుడే. ఆ ఊళ్ళో చౌడమ్మ అని ఒకావిడ ఉండేది. మనసు మంచిదే, నోరే కాస్త కత్తెర. ఆవిడ మొగుడు వీరేశం రాజుగారి కోటకి బట్ట నేసేవాడు. నేసిన బట్టని అట్ట గొట్టాలకి చుట్టి బండెక్కించేవాడు. కోటలో వాళ్ళు బట్ట విప్పుకుని ఖాళీ గొట్టాలు తిరిగి పంపేసేవారు. ఏంటే లల్లీ, రాజుల కాలంలో అట్ట గొట్టాలెక్కడివంటావా? నా కథలో ఉన్నాయి. నీ కథలో లేకపోతే మానెయ్యి.

నొక్కుకుపోయిన గొట్టాల్ని చౌడమ్మ నీళ్ళ కాగు కింద పెట్టి మంట చేసేది. అది ఆ ఇంటి అలవాటు. కానీ వీరేశం మాత్రం రోజూ నాలుగైదు గొట్టాలు మనవరాలి కోసం దాచేవాడు. మనవరాలి పేరు గున్న. ఏడేళ్ళది. తాత కోసి ఇస్తుంటే అది అతికించేది. చింతగింజల బంక ఉడికించి ఇచ్చేది గున్న వాళ్ళమ్మ పూర్ణ, అంటే చౌడమ్మ కోడలు. తాతా మనవరాలూ కోసినంతసేపూ పాడుకునేవారట.

గొట్టం కోస్తే చక్రం,
చక్రం చేరితే బండి,
బండి నిండా బస్తా,
బస్తా మీద చిలక,
చిలక ముక్కున గింజ,
గింజ జారితే గున్న నోట్లోకి!

ఊ కొడుతున్నారా? ఆఁ.

అలా ఉండగా వీరేశం రెండ్రోజుల జ్వరానికి పోయాడు. మగ్గం కొడుకు చేతికి, అంటే గున్న వాళ్ళ నాన్న చేతికి వచ్చింది. ఆ ఇంట ఏడాది పండగ లేదు, పబ్బం లేదు. దసరాకి బొమ్మల కొలువూ లేదు. అంతకుముందు చౌడమ్మ కొలువంటే ఊరంతా వచ్చి చూసేది. తొమ్మిది మెట్లు! రాణిగారు స్వయంగా వచ్చి, ఊళ్ళో మంచి కొలువు ఎవరిదో చూసి, వాళ్ళకి వెండిగిన్నె ఇచ్చేది. ఎప్పుడూ చౌడమ్మకే వచ్చేది.

ఏడాది తిరిగాక మళ్ళీ దసరా వచ్చింది. పేరంటాళ్ళకి పసుపు రాయడం, హారతి పట్టడం ఇక కోడలి చేతికి వెళ్ళిపోయింది. మొగుడు పోయిన దానివి నువ్వు పట్టకూడదు అన్నారు కదా లోకులు. అలా అనడం నాకు మహా మంట, కానీ అన్నారు. చౌడమ్మకి మిగిలింది ఒక్కటే, మెట్లు సర్దడం. అదైనా తన చేతిలో ఉండాలని ఆవిడ పట్టుదల. అందుకే ఏ బొమ్మా చిటికెనవేలంత పక్కకి జరగడానికి వీల్లేదని ఇల్లంతా గయ్ గయ్ మనేది.

ఈలోగా గున్న పెరట్లో కూచుని నాలుగు రోజులు ఒకటే పని. నాలుగు గొట్టాలు నిలబెట్టి దారాలు లాగి మగ్గం కట్టింది. ఇంకో గొట్టానికి మొహం గీసి, నల్లదారంతో మీసం అతికించి, తాత ఆఖరిసారి నేసిన చీరలోని పీలిక తీసి కండువా వేసింది. తాతన్నమాట! కాళ్ళేవే అని పూర్ణ అడిగితే, తాత కూచునేది గుంట మగ్గం కదమ్మా, కాళ్ళు గుంటలో ఉన్నాయి అందిట. ఎంత తెలివో చూడండి. దాన్ని ఎత్తుకుని నానమ్మ దగ్గరికి పరిగెత్తింది.

పై మెట్టు మీద పెట్టనా నానమ్మా అంటే, అది కలశానికి అందిట చౌడమ్మ. రెండో మెట్టు మీద? అది అవతారాలకి. మూడో మెట్టు మీద? అది అమ్మవార్లకి. నాలుగో మెట్టు? అయిదో మెట్టు? అది రాజుకి, ఇది మంత్రికి. ఆరు? ఏడు? పెళ్ళివారికి, మేళగాళ్ళకి. ఎనిమిది? పళ్ళకీ కూరలకీ. తొమ్మిది? శెట్టిగారి కొట్టుకి. పోనీ మెట్ల కింద నేల మీద? అక్కడ ఆవాలు మొలకెత్తించాం, తొక్కకు. ఇంక ఎక్కడ పెట్టుకుంటుంది పిచ్చితల్లి? రేపు చూద్దాంలే అని తరిమేసిందిట చౌడమ్మ.

ఆ రేపే రాణిగారు వచ్చే రోజు. ముందురోజు సాయంత్రమే వాన ముసురు పట్టింది. ముసురులో చింతగింజల బంక ఆరుతుందా? ఆరలేదు. గున్న ఏం చేసింది, ఆ రాత్రే తాతనీ మగ్గాన్నీ గంపలో పెట్టి, వెచ్చగా ఉంటుందని నీళ్ళ పొయ్యి పక్కన పెట్టి పడుకుంది.

తెల్లవారుతూనే చౌడమ్మ లేచింది. అందరికీ తలంట్లు పొయ్యాలి. పొయ్యి దగ్గరికొచ్చింది, గంప కనిపించింది. ఇక్కడే వినాలి మీరు. ఆవిడ చూసింది. మీసం చూసింది, కండువా చూసింది, కళ్ళు కూడా చూసింది. తన మొగుడేనని తెలిసింది. అంత మనిషిని అట్టముక్క చేసి పెడితే రాణిగారి ముందు పదిమందీ నవ్వరూ అనుకుంది. ఈ పిల్ల ఏడ్చి ఎలాగైనా పెట్టించుకుంటుంది, పూర్ణ దాన్నే వెనకేసుకొస్తుంది అనుకుంది. ఇన్ని అనుకోవడానికి ఎంతసేపు పట్టిందంటారు? రెప్పపాటు. గంప ఎత్తి పొయ్యిలోకి వొంపేసింది. మరి తను వేసింది కదా, తియ్యచ్చుగా వెంటనే? చేతికందేంత దూరంలోనే ఉన్నాడు. తియ్యలేదు.

ఆ నీళ్ళతోనే గున్నకి తలంటింది. పిల్ల కళ్ళు మూసుకుని, ఇవాళ నీళ్ళు భలే వెచ్చగా ఉన్నాయి నానమ్మా అందిట.

ఊ కొట్టరేం? ఆఁ, వింటున్నారుగా, చాల్లే.

తల తుడుచుకోగానే గున్న గంప కోసం వెతికింది. ఖాళీ గంప కనిపించింది. నానమ్మ మొహం కేసి చూసింది. అప్పుడు చౌడమ్మ అన్న మాట వినండి. చీకట్లో కనపళ్ళేదే, చెత్తనుకున్నాను అందిట. అక్కడితో ఆగిందా? ఆగలేదు. "అసలు పొయ్యి దగ్గర ఎవరు పెట్టమన్నారే నిన్ను?" అని కసిరింది. గున్న తల దించుకుంది. నేనే నానమ్మా, నేనే పెట్టాను అంది. ఏడవను కూడా లేదు.

రాణిగారు వచ్చింది, తొమ్మిది మెట్లూ చూసింది, మెచ్చుకుంది, వెండిగిన్నె ఇచ్చింది. చౌడమ్మ ఆ గిన్నెని లోపలికి తీసుకెళ్ళి పెట్టెలో పెట్టి మూత వేసింది. మళ్ళీ తియ్యలేదు.

తరవాత కోట నుంచి గొట్టాలు బండెడొచ్చాయి. చౌడమ్మే వాటిలో మంచివి ఏరి గున్న ముందు పెట్టింది. గున్న ముట్టుకోలేదు. ఎర్రరంగు తెస్తానంది, పచ్చరంగు తెస్తానంది. వద్దు నానమ్మా అంది. పక్కింటావిడ పాలచెంబు ఇచ్చి మీ అమ్మకి ఇయ్యవే అంటే, నేను ఎక్కడైనా తప్పు చోట పెట్టేస్తానత్తా అని చేతులు వెనక్కి పెట్టుకుందిట. ఒకరోజు చౌడమ్మ చాటలో బియ్యం పట్టుకుని గుమ్మంలోకి వస్తుంటే, గున్న అరుగు మీద స్నేహితురాలితో చెబుతోంది. "మా తాత బొమ్మని నేనే కాల్చేశాను, పొయ్యి దగ్గర పెట్టి." చౌడమ్మ గుమ్మంలోంచే వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళిపోయింది.

అప్పుడైనా చెప్పెయ్యచ్చుగా? నువ్వు కాదే తల్లీ, నేనే అని ఒక్క మాట. ఈ వారం పోనీ అనుకుంది. అమ్మవారి జాతర అవనీ అనుకుంది. మామిడికాయ పచ్చడి పెట్టాక, వానలు పడ్డాక, పిల్లకి జలుబు తగ్గాక అనుకుంది. అలా అనుకుంటూ అనుకుంటూ ఏడాది గడిపేసింది. కన్న కొడుక్కి చెప్పలేదు, కోడలికి చెప్పలేదు. ఆ పిల్లేమో ఆడుకోవడం మానేసి పెద్దదానిలా మూలన కూచునేది. తన తప్పు ఆ చిన్న నెత్తి మీద పెట్టి తను హాయిగా అన్నం తిన్నదా అంటే, తినలేదమ్మా.

మళ్ళీ దసరా వచ్చింది. చౌడమ్మ పెరట్లో ఒక్కతే కూచుని గొట్టం కోస్తోంది. కత్తెర నడవదు, బంక వేళ్ళకి అంటుకుపోతుంది, మీసమేమో చెంప మీదికి జారుతోంది. గున్న వచ్చి స్తంభం పక్కన నిలబడింది. కాసేపు చూసి, దాన్ని పొయ్యి దగ్గర పెట్టకు నానమ్మా, నేను పెట్టే కదా తాతని పోగొట్టాను అని మెల్లిగా చెప్పిందిట.

చౌడమ్మ కత్తెర పక్కన పెట్టేసింది.

"నువ్వు కాదే. నాకు కనపడ్డాడు. మీసం కనపడింది, కళ్ళు కనపడ్డాయి. చూసే వేశాను. నీతో అబద్ధం చెప్పాను" అంది చౌడమ్మ.

గున్న ముందు నమ్మలేదు. చూసే వేశావా అని మళ్ళీ అడిగింది. చూసే వేశాను అంది. ఇంకోసారి అడిగింది. చూసే వేశానే అంది. అప్పుడొచ్చింది చూడండి దానికి ఏడుపు! ఏడాదిగా లోపల పెట్టుకున్నదంతా ఒక్కసారి వచ్చింది. నానమ్మ మీద పడి రెండు పిడికిళ్ళతోనూ గుద్దింది, జుట్టు పీకింది, నువ్వు చెడ్డదానివి అని వీధి చివరికి వినపడేలా అరిచింది. పూర్ణ పరిగెత్తుకొచ్చి ఆపబోతే చౌడమ్మ వద్దంది. కొట్టనియ్యవే, నాకు పడాల్సినవే అంది.

మూడు రోజులు గున్న నానమ్మతో మాట్లాడలేదు. న్యాయమే కదా! కానీ ఆ మూడు రోజులూ వీధిలో పిల్లలతో ఆడింది, అన్నం మారు అడిగి పెట్టించుకుంది. నాలుగో రోజు వచ్చి నానమ్మ పక్కన కూచుని, ఒక గొట్టం తీసుకుని నిలువునా చీల్చి పడవ చేసింది. తాతని చెయ్యవా అని చౌడమ్మ భయం భయంగా అడిగింది. చెయ్యను, తాత మళ్ళీ రాడు అందిట. మరి అంతే.

పై మెట్టు మీద కలశం పక్కన ఆ పడవ పెట్టింది చౌడమ్మే. రాణిగారు వచ్చింది, చూసింది, వెండిగిన్నె వేరే ఇంటికిచ్చింది. ఎవరికీ బెంగ లేదు. గున్న పెరిగి పెద్దదై సుఖంగా ఉంది, పూర్ణ సుఖంగా ఉంది, చౌడమ్మా మనవరాలి పెళ్ళి చూసేదాకా బతికింది. తప్పు ఎవరం చెయ్యం? అందరం చేస్తాం. చేస్తే చేశానని అప్పుడే చెప్పెయ్యండర్రా. మనం మొయ్యకపోతే మనకంటే చిన్నవాళ్ళెవరో దాన్ని మోస్తారు, పాపం, మనకి తెలియను కూడా తెలియదు.

చౌడమ్మ మాత్రం బతికినన్నాళ్ళూ, నీళ్ళ పొయ్యి ముట్టించే ముందు రోజూ లోపల చెయ్యి పెట్టి, ఈ మూల నుంచి ఆ మూల దాకా తడిమి చూసుకునేదట.

కథేమో కంచి దారి పట్టింది, మనమేమో దుప్పట్లో దూరదాం. కళ్ళు మూసుకోండి.