కొండలరావు నక్కా, ధర్మ జూ ఉద్యమమూ

జూలు మనుషులకే ఉంటాయనుకుంటే పొరపాటు. చింతలవాగు అడవిలో జంతువులకీ ఒకటుంది. దాని పేరు ధర్మ జూ. పెట్టింది పోలమ్మ అనే ముసలి గాడిద. పట్నంలో జూకి గడ్డి బండి లాగి లాగి నడుం పడిపోతే, వాళ్లు తరిమేశారు. అడవికొచ్చి తనలాంటి వాళ్లని చేరదీసింది.

ఇక్కడ బోనుల్లేవు, టిక్కెట్టు లేదు. పళ్లూడిన పులి పెద్దాయన, చూపు పోయిన ఎలుగుబంటి, కుంటి దుప్పి ఉంటారు. చూడ్డానికొచ్చినవాళ్లు తలా గుప్పెడు తిండి పెట్టి పోవాలి. మొదట్లో ఎగబడి వచ్చారు. పులి మీసం లాగడమంటే మాటలా మరి! తర్వాత మోజు తీరింది, ఎండలు ముదిరాయి, గుప్పెళ్లు ఆగిపోయాయి. పెద్దాయన జొన్నగంజితో ఒంటిపూట గడుపుకొస్తున్నాడు. జూ మూతపడి తలోదిక్కూ పోయారా, బయట రేచుకుక్కలు వీళ్లనెవర్నీ తెల్లారేదాకా బతకనివ్వవు. ఆ భయంతో పోలమ్మకి కంటి మీద కునుకు లేదు.

అడవి పంచాయతీకి ఓ గాదె ఉంది. కాపు రోజుల్లో ఇంటికో గంప అందులో పొయ్యాలి. అది ఎవరి కోసం పోస్తున్నారో ఎవరికీ గుర్తులేదు. మెంబర్లు మాత్రం బాగా ఒళ్లు చేశారు.

ఆ గాదె మీద కొండలరావు నక్కకి ఎప్పట్నుంచో కన్ను. పోలమ్మ కష్టం చెవిన పడగానే ఓ ఆలోచన తట్టింది. తోక దులుపుకుని బయల్దేరాడు.

"ఏం పోలమ్మా, మొహం అలా వేలాడేశావ్?"

"ఏం చెప్పమంటారు కొండలరావుగారూ! గాదెలోంచి రోజుకో గంప ఇప్పించమని పంచాయతీనడుగుదామనుంది. నా మాట ఎవరు వింటారండీ?"

"వినరు. నువ్వడిగితే గాడిద ఓండ్ర పెట్టిందంటారు. జనం అడగాలి, జనం! ప్రజల మద్దతని ఒకటుంటుంది. అది పుట్టించే పని నాకొదిలెయ్."

"మీకెందుకండీ ఇంత శ్రమ?"

"సేవ పోలమ్మా, సేవ! కాకపోతే ఓ కమిటీ ఉండాలి, దానికో అధ్యక్షుడుండాలి. గాదె దగ్గర గంప అందుకుని నీకు చేర్చేది ఆ అధ్యక్షుడే అయ్యుండాలి. ఆ బరువేదో నేనే మోస్తాలే."

గాదెకీ జూకీ మధ్య దారిలోనే కొండలరావు బొరియ ఉంది. అలుపు తీర్చుకోడానికి గంప అక్కడ దించుకోవచ్చు. మళ్లీ ఎత్తుకునేసరికి గంప తేలికవుతుంది. ఆ లెక్క గుర్తొచ్చి ఆయనకి నోట్లో నీళ్లూరాయి.

అక్కణ్ణుంచి తిన్నగా కోతుల మేస్త్రి సింగన్న దగ్గరికెళ్లాడు. ఏ మీటింగుకైనా జనాన్ని తోలేది సింగన్నే.

"జనం కావాలి సింగన్నా."

"ఎలాంటి జనం? ఊరికే నిలబడే జనమా, కేకలేసే జనమా?"

"గొంతు చించుకుని కేకలెయ్యాలి."

"అయితే కడుపు నిండా పెట్టాలి. నిన్న అడవిపంది మెంబరు బుచ్చయ్య మీటింగుకెళ్లాం. దుంపలు పెట్టాడు, మారు కూడా వడ్డించాడు."

"నేను ఇప్పపువ్వు పెడతా, జొన్నలు పెడతా."

"ఎవరివి?"

"జూవి."

సింగన్న కాసేపు బుర్ర గోక్కున్నాడు. "అంటే, జూకి తిండి లేదని అరవడానికి మేం జూ తిండే తినాలన్నమాట."

"ఉద్యమమన్నాక ఖర్చుండదూ?"

"మాకేం పోయిందిలే, తింటాం!"

జూ తిండి దాచిన కొట్టు తలుపు తియ్యమంటే పోలమ్మ అడ్డంగా నిలబడింది. "ఈ వేసవి గడవడానికని దాచిందండీ. ఇదీ అయిపోతే రేపటికి గంజి లేదు."

"పిచ్చిదానా, రేపటికి గాదే మనదవుతుంటే!"

"ఇంకో సంగతండీ. సభలో పూచీ రాయెక్కి పదిమంది తరఫున మాటిస్తే, వాళ్లు తప్పినప్పుడు మాటిచ్చినవాళ్లే చెల్లించాలి. ఆ భయానికే నేనెప్పుడూ దానిమీద కాలు పెట్టలేదు. మీరు ఆలోచించుకున్నారా?"

"ఆ రాయెక్కి ఎంతమంది ఎన్ని కోతలు కోశారు! ఒక్కణ్ణి, ఒక్కణ్ణైనా నిలదీసిన పాపాన పోయారా? నువ్వు తలుపు తియ్."

తీసింది. కోతులు తిన్నాయి, కుందేళ్లు తిన్నాయి, పిలవని ముంగిసలు కూడా వచ్చి తిన్నాయి. తిని, మూతులు తుడుచుకుని పంచాయతీ సభకి ఊరేగింపు కట్టాయి. అందరికన్నా ముందు పెద్దాయనని నడిపించాడు కొండలరావు.

"కాస్త నీరసంగా నడవండి పెద్దాయనా. చూసినవాళ్ల గుండె తరుక్కుపోవాలి."

"నటించక్కర్లేదురా. పొద్దున్నుంచీ నా గిన్నెలో చుక్క పడలేదు."

"ధర్మ జూని!" అని కొండలరావు అరిస్తే "కాపాడాలి!" అని అడవి దద్దరిల్లింది. మధ్యలో ఓ కోతి మాత్రం "బురదగుంటకే నిధులు!" అని కేకేసింది. అది నిన్నటి బుచ్చయ్య మీటింగు తాలూకు నినాదం. సింగన్న దాని నెత్తిన ఒక్కటిచ్చి దారిలో పెట్టాడు.

సభకి ప్రెసిడెంటు గజలక్ష్మమ్మ అనే ఏనుగు. ఆవిడ ఇంకా కూర్చోకముందే బుచ్చయ్య లేచాడు. "జూకి ధారపోస్తే మా వార్డులో బురదగుంట గతేం కావాలండీ? అసలు జనానికి జూ ఎందుకు? ఎవరడిగారు?"

"ఎవరడిగారా!" కొండలరావు ఒక్క గెంతులో పూచీ రాయెక్కాడు. "అడిగినవాళ్లు తోకలెత్తండి!"

ఆ అడవిలో ఔననడానికి తోకెత్తుతారు. సభంతా తోకలే! కొండలరావుకి ఒళ్లు పులకరించింది. అంత జనం తన మాటకి లేవడం ఆయన జన్మలో చూళ్లేదు. అక్కడితో దిగిపోతే బాగుండేది. దిగబుద్ధి కాలేదు.

"చూశారా తల్లీ! వీళ్లు ధర్మ జూ అంటే ప్రాణమిస్తారు. ఇంటింటి నుంచీ రోజూ నోటి దగ్గర ముద్ద తీసి జూకి పంపుతామంటున్నారు. వాళ్లందరి తరఫునా నేను మాటిస్తున్నాను!"

తోకలు మళ్లీ లేచాయి. కడుపులో ఇప్పపువ్వు ఉంది మరి, దేనికైనా లేస్తాయి.

గజలక్ష్మమ్మ చెవులు విసరడం ఆపింది. "రోజూ పంపుతారా?"

"రోజూ!"

"ఇంటింటి నుంచీనా?"

"ఒక్క ఇల్లు తప్పితే నా తోక కోయించుకుంటా!"

"హమ్మయ్య, చల్లని మాట చెప్పావు నాయనా. ఇంత దయగల జనం ఉండగా మధ్యలో మా గాదె ఎందుకు? వాళ్ల పుణ్యానికి మేం అడ్డం రాకూడదు. జూని జనమే పోషిస్తారని తీర్మానం రాసుకోండి. ఏరీ, ఇవాళ ముందుగా తెచ్చేదెవరు? ఇలా రండి."

మెంబర్లలో అందరికన్నా ముందు తోకెత్తింది బుచ్చయ్య. జనంలో మాత్రం తోకలన్నీ ఒక్కసారిగా కిందికి దిగిపోయాయి.

"మేం అరవడానికొచ్చామండీ, పెట్టడానిక్కాదు," అన్నాడు సింగన్న.

"మా పిల్లలకే చాలడం లేదు," అంది కుందేలు.

ముంగిసలకైతే హఠాత్తుగా ఇంటి దగ్గర పని గుర్తొచ్చింది. చూస్తుండగానే మైదానం ఖాళీ. రాయి మీద కొండలరావు ఒక్కడే మిగిలాడు. మెల్లిగా ఓ కాలు కింద పెట్టబోయాడు.

"ఎక్కడికి?" అంది గజలక్ష్మమ్మ. "జనం ఇవ్వకపోతే జనం తరఫున మాటిచ్చినవాడివ్వాలి. ఒక్కపూట తప్పినా నీ బొరియ పంచాయతీది."

"అమ్మా, అది ఏదో ఆవేశంలో అన్న మాటండీ! పోలమ్మా, నువ్వైనా చెప్పవే!"

పోలమ్మ ఆయన వంక చూసింది. ఖాళీ అయిన కొట్టు, చుక్క పడని గిన్నె ఆమెకి గుర్తొచ్చి కడుపు మండింది. అయినా గొంతు మాత్రం ఎప్పట్లాగే మెత్తగా ఉంది.

"చెబుతానండీ. ప్రెసిడెంటమ్మగారూ, మా కొండలరావుగారు మాట తప్పే జంతువు కాదండీ. గంప మోసేది కూడా తానేనని ముందే చెప్పారు."

మెంబర్లంతా గాదె గండం గడిచిందని ఊపిరి పీల్చుకున్నారు. ఆ సంతోషంలో కొండలరావుకి సన్మానం చెయ్యాలని కూడా తీర్మానించారు, దండ ఆయనే తెచ్చుకోవాలన్న షరతు మీద.

ఇప్పుడు కొండలరావు పొద్దు పొడవకముందే లేచి దుంపలు తవ్వుతున్నాడు, రాలిన పువ్వు ఏరుతున్నాడు, పొలాల గట్లంట తిరిగి కంకులు తెస్తున్నాడు. ఎలుగుబంటి గంజి చిక్కదనం వాసన చూసి చెబుతుంది, దుప్పి గడ్డి పచ్చిగా ఉందా లేదా అని ఒకటికి రెండుసార్లు తిప్పి చూస్తుంది. పెద్దాయన గిన్నె చూసి, "ఏరా, ఇవాళ గంజి పల్చగా ఉందేం?" అంటాడు.

"జొన్నలు దొరకలేదు పెద్దాయనా."

"పళ్లు పోయాయి గానీ, గోళ్లున్నాయిరా నాకు."

"అయ్యో, చిక్కగా కాచుకొస్తానుండండి!"

ధర్మ జూకి మళ్లీ గిరాకీ పెరిగింది. పక్క అడవుల నుంచి కూడా బారులు తీరి వస్తున్నారు. వాళ్లు చూసేది పులిని కాదు, పనిచేస్తున్న నక్కని. గుప్పెడు తిండి మాత్రం ఇప్పటికీ ఎవరూ తేవడం లేదు.

నీతి: ఊరి తరఫున దానం ప్రకటించేవాడు, ఊరు లేచి వెళ్లిపోయాక ఆ దానం తానొక్కడే చెయ్యాల్సి వస్తుందని తెలుసుకోవాలి.