గుమ్మం ముందు తెల్ల బండి

ఇద్రిస్సా బాగా అలిసిపోయాడు. సెనెగల్ నది ఒడ్డు పల్లెల్లో ఎయిడ్స్ ఎవరి నుంచి ఎవరికి పాకుతోందో కనుక్కోవడం అతని ఉద్యోగం. వానలు మొదలైనప్పటి నుంచీ తిరుగుతూనే ఉన్నాడు. ఈమధ్య అతని బండి చప్పుడు వింటేనే జనం తలుపులు వేసుకుంటున్నారు.

సాయంత్రం నమాజు అయ్యాక తన గురువు షేక్ దెంబా ముందు చతికిలబడ్డాడు.

"వీళ్లకి మంచి మాట తలకెక్కదు బాబా. మందులున్నాయి రమ్మంటే ఒక్కరూ నోరు విప్పరు. జావ అమ్ముకునే కుంబా ఇవాళ నా కాళ్లు పట్టుకుంది, మళ్లీ మా ఇంటికి రావద్దని. నేను వెళ్లొచ్చినప్పటి నుంచి ఆమె జావ ఎవరూ కొనడం లేదట. పిల్లలు పస్తులుంటున్నారట. ఆమె సంగతి నేనెవరికీ చెప్పలేదు, ఒట్టు!"

మంచి చేస్తున్నాననుకునేవాడి అలసటలో కాస్త కోపం కూడా ఉంటుంది.

"చెప్పి ఉండవులే," అన్నాడు షేక్. ఆయనకి మోకాళ్లు సలుపుతున్నాయి, ఎక్కువ మాట్లాడే ఓపిక లేదు. "ఈ వారం నీ బండి నా గుమ్మం ముందు పెట్టి, పల్లెలకి నడిచి వెళ్లు."

ఈ వయసులో గురువుగారికి బండి మీద మనసైందా అని ఇద్రిస్సా లోలోపల నవ్వుకున్నాడు. అయినా పెట్టాడు. ఆరోగ్యశాఖ తెల్ల మోటార్ సైకిల్ అది. ఆ చుట్టుపక్కల దాన్ని ఎరగని పసిపిల్లాడు కూడా లేడు.

మర్నాడు పాలు తెచ్చే ఆవిడ లోపలికి రాలేదు, గిన్నె వాకిట్లోనే దింపి వెళ్లిపోయింది. రోజూ షేక్‌తో ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని తినే పెద్దమనుషులు తలా ఒక సాకు చెప్పారు. ఆయన చెయ్యి కళ్లకద్దుకోవడానికి తోసుకునేవాళ్లు వీధిలోంచే సలాం కొట్టి తప్పుకున్నారు.

శుక్రవారం ఇద్రిస్సా కాళ్లీడ్చుకుంటూ తిరిగొచ్చాడు. చాపలన్నీ ఖాళీ. పెద్ద పళ్లెం ముందు షేక్ ఒక్కడే కూర్చుని తింటున్నాడు. షేక్‌కి ఆ జబ్బు సోకిందని ఊరంతా గుసగుసలాడుతున్న సంగతి తెలిశాక ఇద్రిస్సాకి ఒళ్లు మండిపోయింది.

"మీ మీద ఇంత మాట పుట్టించిందెవరు బాబా? చెప్పండి, వాడి పని పడతాను!"

షేక్ పళ్లెం అతనివైపు జరిపాడు.

"ఎవరి నుంచి ఎవరికి పాకిందో కనుక్కో నాయనా. నీకు తెలిసిన పనే కదా."