మెడ వాల్చిన బెండుబొమ్మ

అనగనగా ఒక ఊళ్ళో, ఊరి చివరి వీధిలో, పేరిందేవి అని ఒక పిల్ల ఉండేది. ఊఁ కొట్టు మరి. నువ్వు ఊఁ కొట్టకపోతే నేను గోడకి చెప్పుకుంటున్నట్టుంటుంది. కాళ్ళు లోపలికి పెట్టుకో, దుప్పటి కప్పుతాను. ఆఁ, ఇప్పుడు విను.

ఆ పిల్లని అందరూ పేరీ, పేరీ అని పిలిచేవాళ్ళు. నీ అంతే ఉండేది, మహా అయితే నీకన్నా ఓ బెత్తెడు పొడుగు. వాళ్ళమ్మ పేరు సూరమ్మ. సూరమ్మ పొద్దున్నే కొండకి వెళ్ళి ఎండుకట్టెలు ఏరి, మోపు కట్టి, నెత్తిన పెట్టుకుని తెచ్చి ఊళ్ళో ఇళ్ళకి వేసేది. ఇంట్లో ఉన్నది ఆ తల్లీ ఆ కూతురే.

పేరికి ఆటబొమ్మలు తెచ్చిపెట్టేవాళ్ళెవరూ లేరు. అందుకని తనే చేసుకునేది. జొన్నకోతలయ్యాక చేలల్లో చొప్పదంట్లు పడుంటాయి చూడు, అవి ఏరుకొచ్చేది. పైన బెరడు ఒలిస్తే లోపల తెల్లగా మెత్తగా బెండు ఉంటుంది. ఆ బెండుని ముక్కలు చేసి, తుమ్మముళ్ళతో ఒకదానికొకటి గుచ్చి ఎద్దుల్ని చేసేది. ఆ తర్వాత బండి చేసేది. ఆ తర్వాత బండి తోలేవాణ్ణి చేసి, వాడి నెత్తికి గుడ్డపేలికతో తలపాగా చుట్టేది. ఒకసారి వీధికుక్కని చేసి గడపలో పెడితే, ఆ కుక్కే వచ్చి వాసన చూసి, మొరిగి పోయిందట. నేను చూళ్ళేదులే, చూసినవాళ్ళు చెప్పారు.

అయితే బెండుతో ఒక చిక్కుంది. ముల్లు ఒక్కసారే గుచ్చాలి. సరిగ్గా రాలేదని పీకి మళ్ళీ గుచ్చావనుకో, బెజ్జం వదులైపోతుంది, ఇక ముల్లు నిలవదు. అందుకని పేరి ముల్లు చేత్తో పట్టుకుని, ఓ కన్ను మూసి, బాగా ఆలోచించుకుని అప్పుడు గుచ్చేది. మిగతా అన్నిట్లోనూ నీలాగే తొందర. ఆ ముల్లు దగ్గర మాత్రం ఎక్కడలేని నెమ్మది.

పెద్దవీధిలో రత్నమాల అని దాని ఈడు పిల్లే ఒకతి ఉండేది. ఆ పిల్లకి వాళ్ళ నాన్న పట్నం నుంచి పింగాణీ బొమ్మ తెచ్చాడు. కోటూ బూటూ వేసుకున్న మగబొమ్మ. తెచ్చిందే తడవుగా దానికి పెళ్ళి చెయ్యాలని రత్నమాలకి బుద్ధి పుట్టింది. పెళ్ళికొడుకున్నాడు, పెళ్ళికూతురేదీ? అప్పుడు పేరి దగ్గరికొచ్చి, నువ్వు పిల్లని చెయ్యి, మనం వియ్యమందుదాం అంది. పేరికి కాళ్ళు నేలమీద నిలవలేదు.

ఇంటికొచ్చి పని మొదలుపెట్టింది. దర్జీని అడిగి ఎర్రగుడ్డ ముక్క తెచ్చి చీర కట్టింది. కొబ్బరిపీచుకి మసి పూసి జడ అల్లింది. కళ్ళకి ఆవగింజలు అద్దింది. ఆఖరికి తల పెట్టాలి. ముల్లు పట్టుకుని ఆలోచించి ఆలోచించి గుచ్చింది. తల కుడిపక్కకి కాస్త వాలి నిలబడింది.

అది వంకర అని పేరికి తట్టనేలేదు. దాని కంటికి ఎంత బాగుందో! పెళ్ళికూతురు సిగ్గుపడి తల వాల్చింది కాబోలనుకుని మురిసిపోయింది. వాళ్ళమ్మకి చూపిస్తే, సూరమ్మ బొమ్మని అటూ ఇటూ తిప్పి చూసి, ఏదో అనబోయి, బాగుందే తల్లీ అని ఊరుకుంది.

పెళ్ళిరోజు రానేవచ్చింది. నువ్వు ముందు పద, పెళ్ళివారికి మరమరాలూ బెల్లమూ కలిపి నేను పట్టుకొస్తానంది సూరమ్మ. పేరి బొమ్మని దోసిట్లో పెట్టుకుని, గాలికి చీర ఎగిరిపోకుండా వంగి వంగి నడుచుకుంటూ రత్నమాల వాళ్ళింటికి వెళ్ళింది. అరుగు నిండా ఆడపిల్లలు. వాళ్ళ వెనక అమ్మలూ, అత్తలూ. అందరికీ పెద్దగా రత్నమాల మేనత్త భ్రమరాంబ కూర్చుంది. ఆవిడ మనసులో ఏమీ ఉండదు గానీ, నోరు ఊరుకోదు. ఎవర్నో ఒకర్ని ఆటపట్టిస్తేగాని ఆవిడకి పొద్దు గడవదు.

ఆ ఊళ్ళో బొమ్మలపెళ్ళికి ఓ పద్ధతుంది. పసుపుతాడు కట్టేముందు మగపెళ్ళివారు మూడుసార్లు అడగాలి, పిల్ల ఎవరి పిల్ల అని. మూడుసార్లూ ఆడపెళ్ళివారు, మా పిల్ల అని చెప్పాలి. చెబితేనే పెళ్ళి. లేకపోతే లేదు.

భ్రమరాంబ గొంతు సవరించుకుని, పిల్ల ఎవరి పిల్లమ్మా అని అడిగింది. పేరి నోరు తెరిచింది. ఇంతలో ఆవిడ కళ్ళు బొమ్మ మీద పడ్డాయి.

"ఇదేమిటే, పెళ్ళికూతురి మెడ అలా ఒరిగిపోయింది? అచ్చం మన కట్టెల సూరమ్మే."

అరుగంతా గొల్లుమంది. నిజమే, నిజమే అన్నారొకరు. మెడ వంకర పెళ్ళికూతురన్నారింకొకరు. పింగాణీ పెళ్ళికొడుకు మాత్రం మెడ నిటారుగా పెట్టుకుని చూస్తున్నాడు.

అప్పటిదాకా పేరికి వాళ్ళమ్మ మెడ వాలి ఉంటుందనే తెలీదు నాన్నా. కళ్ళు తెరిచినప్పట్నుంచీ చూస్తున్న మెడ. అమ్మ మెడంటే అలాగే ఉంటుందనుకుంది. ఇప్పుడు ఇంతమంది నవ్వుతుంటే మొదటిసారి తెలిసింది. ఒళ్ళంతా సెగ పుట్టింది. తల కొట్టేసినట్టయింది.

ఆ తర్వాత భ్రమరాంబ రెండోసారి అడిగింది. పేరి నేలచూపులు చూస్తూ, ఏమో నాకేం తెలుసు అంది. మళ్ళీ నవ్వులు. ఆ తర్వాత మూడోసారి అడిగింది. అప్పుడు పేరి గబగబా చెప్పేసింది.

"మా పిల్ల కాదు. దారిలో దొరికింది."

నవ్వులు ఠక్కున ఆగిపోయాయి. ఎందుకా అని పేరి తలెత్తి చూసింది. మెట్ల దగ్గర సూరమ్మ, చేతిలో మరమరాల పళ్ళెంతో నిలబడి ఉంది. ఎంతసేపట్నుంచి నిలబడిందో ఎవరికీ తెలీదు.

ఆవిడ పళ్ళెం కింద పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుని, అరుగు దగ్గరికొచ్చింది. "మా పిల్లేనమ్మా. మా పిల్లే. మా ఇంటి పిల్లే. కట్టించండి తాడు" అంది.

పెళ్ళయింది. మరమరాలు పంచారు. పేరి తన వాటా పక్కపిల్ల దోసిట్లో పోసేసింది. బొమ్మ అత్తారింట్లో ఉండిపోయింది, తల్లీ కూతురూ ఇంటికి బయల్దేరారు. దారిలో సూరమ్మ దాన్ని పల్లెత్తు మాటనలేదు. తిట్టినా బాగుండేది. ఓ దెబ్బ వేసినా ఇంకా బాగుండేది. నేనైతే వేసేదాన్నే. అనేసిన మాట వెనక్కి తీసుకుందామని పేరి ఎన్నిసార్లో నోరు తెరిచింది. బెండులోంచి పీకిన ముల్లు గుర్తొచ్చి, మళ్ళీ నోరు మూసుకుంది. నిద్ర వస్తోందా? రాలేదూ? సరే.

ఆ మర్నాటి నుంచీ సూరమ్మ మెడ నిటారుగా పెట్టడం మొదలుపెట్టింది. తల దువ్వుకున్నాక గోడకి తల ఆనించి మెడ సరిచేసుకునేది. వీధిలోకి వెళ్తే పైటకొంగు మెడచుట్టూ కప్పుకునేది. ఆ తర్వాత కట్టెలమోపు కూడా మెడ బిగబట్టుకునే మొయ్యబోయింది. ఏళ్ళ తరబడి ఒక పక్కకి అలవాటైన మెడ, ఎలా మోస్తుంది చెప్పు? సరిగ్గా పెద్దవీధి మధ్యలో మోపు జారి, కట్టెలన్నీ చెల్లాచెదరైపోయాయి. సూరమ్మ కూర్చుని ఒక్కొక్కటీ ఏరుకుంది.

పేరి అంతా గోడచాటు నుంచి చూసింది. వెళ్ళి ఏరిపెడదామని ప్రాణం కొట్టుకుంటోంది. కానీ ఏ మొహం పెట్టుకుని వెళ్తుంది? అక్కడే గోడకి నుదురు ఆనించి నిలబడిపోయింది. అమ్మ మెడ మళ్ళీ మామూలుగా అమ్మ మెడ అయిపోతే చాలు దేవుడా, నాకింకేమీ వద్దు అనుకుంది.

నోటితో చెబుదామంటే నోరు రాలేదు. అప్పుడు చేత్తో చెబుదామనుకుంది. పెళ్ళయ్యాక కొత్త దంపతులు మనుగుడుపులకి పుట్టింటికొస్తారుగా, బొమ్మలూ వస్తాయి. వచ్చేవేళకి వాకిట్లో పిల్ల తల్లి బొమ్మ కూడా ఉండాలి. అమ్మని చేద్దామని కూర్చుంది.

మొదట మెడ నిటారుగా ఉన్న అమ్మని చేసింది. ఎంత చూసినా అది ఎవరో పొరుగూరావిడలా ఉంది. పక్కన పెట్టేసింది.

ఆ తర్వాత మెడ కుడిపక్కకి వాల్చి ఇంకో అమ్మని చేసింది. చీపురుపుల్లలు కట్టగట్టి మోపు చేసి, నెత్తిన గుడ్డపేలికతో చుట్టకుదురు పెట్టి, ఆ వాలిన పక్కనే గుచ్చింది. ఇప్పుడు అమ్మ అమ్మలాగే ఉంది. కానీ నిలబెడితే నిలబడదే! కుడిపక్కకి పడిపోతుంది. కాళ్ళు ఎడం చేసింది, పడిపోయింది. కాళ్ళకింద మట్టి పెట్టింది, అయినా పడిపోయింది. పేరికి ఏడుపొచ్చింది. మెడ సరిచేద్దామంటే ముల్లు పీకాలి, పీకితే తలే ఊడిపోతుంది.

ఎడమపక్క బరువేదైనా ఉంటే నిలబడుతుందనిపించింది. చేతిలో మిగిలింది ఓ బుల్లి బెండుముక్క. అది ఊరికే గుచ్చితే ఏం బాగుంటుందని, దానికి కళ్ళూ చేతులూ పెట్టి చంటిపిల్లని చేసింది. చేసి అమ్మ ఎడమ చంకన గుచ్చింది. బొమ్మ నిలబడింది. ఊదితే కూడా పడలేదు.

పేరి ఆ చంటిపిల్లనీ, వాలిన మెడనీ మార్చి మార్చి చూసింది. ఆ తర్వాత లేచి, పొయ్యి ఊదుతున్న అమ్మ దగ్గరికి వెళ్ళింది.

"అమ్మా, చిన్నప్పుడు నన్ను ఏ చంకన ఎత్తుకునేదానివి?"

"ఎడమ చంకన. కుడిచేత్తో మోపు పట్టుకోవాలిగా. కింద దింపితే ఏడ్చి చంపేదానివి. కొండ ఎక్కేటప్పుడూ నువ్వే, దిగేటప్పుడూ నువ్వే" అంది సూరమ్మ నవ్వుతూ. నీకెందుకే ఇప్పుడు అని కూడా అడిగింది.  పేరి వెళ్ళి మళ్ళీ బొమ్మ ముందు కూర్చుంది. ఆ మెడ అలా వాలింది ఎవరివల్లో దానికి తెలిసిపోయింది. తెలిశాక ఉన్న సిగ్గు నాలుగింతలైంది.

మనుగుడుపుల నాడు రత్నమాల, మిగతా పిల్లలూ, వాళ్ళతో భ్రమరాంబా బొమ్మల్ని పట్టుకుని పేరి వాళ్ళ గుమ్మంలోకొచ్చారు. సూరమ్మ కొంగు మెడకి చుట్టుకుని, మెడ బిగబట్టుకుని, తలుపు వారగా నిలబడింది. గుమ్మం దాటేముందు కూడా అడగాలి, అది పద్ధతి. ఈసారి భ్రమరాంబ గొంతు సవరించుకోలేదు. కాస్త జంకుతూనే, పిల్ల ఎవరి పిల్లమ్మా అంది.

రెండోసారి అడిగేదాకా పేరి ఆగలేదు. మా పిల్ల, మా పిల్ల, మా పిల్ల అంది.  లోపలికి పరిగెత్తి, తను చేసిన బొమ్మని తెచ్చి గడప మీద నిలబెట్టింది.

"ఇది పిల్ల తల్లి. మా అమ్మ. ఆవేళ నేను అబద్ధం చెప్పాను. మీరందరూ నవ్వితే సిగ్గేసి చెప్పాను" అంది.

అందరూ వంగి చూశారు. మోపులో పుల్లలు చూశారు, నెత్తిన చుట్టకుదురు చూశారు, వాలిన మెడ చూశారు. ఎవరూ నవ్వలేదు. రత్నమాలకి చంకలో పిల్ల ముద్దొచ్చి, అది ఊడొస్తుందేమోనని వేలు పెట్టింది. పేరి చటుక్కున ఆ చెయ్యి పట్టుకుంది.

"దాన్ని తియ్యకు. తీస్తే అమ్మ పడిపోతుంది. అది నేనే."

భ్రమరాంబ బొమ్మ వంక చూసింది, సూరమ్మ వంక చూసింది, ఆ తర్వాత తన కాళ్ళ వంక చూసుకుంది. 

పేరి వాళ్ళమ్మ వైపు చూడలేక గడపనే చూస్తూ నిలబడింది. సూరమ్మ వచ్చి దాని పక్కన చతికిలబడి, బొమ్మని కళ్ళదగ్గర పెట్టుకుని చూసింది.

"మోపు ఇంతేనటే? నేను మోసేది దీనికి రెండింతలుంటుంది. ఇంకో నాలుగు పుల్లలు పెట్టు" అంది.

పెట్టడానికి చీపురు తెచ్చుకుంది పేరి. సూరమ్మ ఒక్కో పుల్లా విరిచి అందిస్తోంది. అలా అందిస్తూ అందిస్తూ ధ్యాసలో పడిపోయింది. కొంగు జారింది. మెడ మెల్లగా, దాని పక్కకి అది వాలిపోయింది. పేరి చూసింది. చూసి, పుల్లలు గుచ్చుకుంటూ కూర్చుంది.

ఏమిటీ, పేరికి సిగ్గు పోయిందా అంటావా? ఎక్కడ పోతుంది నాన్నా. పెద్దయ్యాక కూడా, అమ్మ మెడ చూసినప్పుడల్లా లోపల ఎక్కడో కాస్త గుచ్చుకునేదట. అయినా అమ్మ పక్కనే నడిచేది, ఎడమపక్కనే. గుచ్చుకోనీలే. ముల్లు ఉంటేనేగా బొమ్మకి తల నిలబడేది.

కథేమో కంచి దారికి,
మోపేమో పొయ్యి చెంతకి,
బెండుబొమ్మ గోడ గూటికి,
నువ్వేమో నా ఎడమ చంకకి.